నోవహు చెప్పిన సాక్ష్యం

మా బావ నోవహును ఇప్పుడు మెట్టుగూడ లారీ అడ్డాలో అందరూ దేవుడి మనిషి అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. దేవుడి మనిషి చేతిలో మా అక్క పళ్లు ఊడిపోవు. దేవుడి మనిషి లారీ కింద అమాయకుడు పడి నలిగిపోడు. ఇప్పుడాయన చేస్తున్నది మంచి పనే, కాదనను. సాయంత్రం కల్లు దుకాణానికి పోయే డ్రైవరు ముందుగా తన లారీని స్టార్టు చేసే ఇనుప హ్యాండిల్ తెచ్చి బావ దగ్గర పెట్టి పోవాలి. తెల్లారాక బావ వాడి నోరు వాసన చూసి, కళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి అప్పుడు గానీ దాన్ని తిరిగివ్వడు. హ్యాండిల్ లేకుండానే లారీని తోసి స్టార్టు చేద్దామని ఎవడైనా తెలివి చూపిస్తే, పోయి ముందు చక్రానికి అడ్డంగా కూర్చుంటాడు. ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకర తిరిగి ఉంటుంది. ఆ చేత్తో అన్నం కూడా కలుపుకోలేడు.

ఇదంతా చూసి కొత్తగా వచ్చిన డ్రైవర్లు దండం పెడతారు. పెట్టుకోండి. కానీ ఆయన ఇట్లా ఎలా అయ్యాడో తెలుసుకొని పెట్టండి. తెలియకుండా ఒకసారి ఆయన మెడలో దండ వేసినందుకే ఇంత అనర్థం జరిగింది.

నేను ఆయన భార్య కాంతమణికి చెల్లెలిని. పేరు సలోమి, మిషన్ ఆసుపత్రిలో నర్సును. నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరూ అంటారు. వాళ్లు అబద్ధమాడరు.

బావ యుద్ధకాలంలో మిలిటరీ దగ్గర లారీ నేర్చుకున్నాడు. తర్వాత రెజిమెంటల్ బజార్‌లో ఒక సావుకారు లారీ నడిపేవాడు. పెళ్లయిన కొత్తలో ఆదివారం చర్చిలో ఆయన పాడితే వెనక బల్లల వాళ్లు కూడా తలలెత్తి చూసేవాళ్లు. ఆయనకు నోవహు అని పేరు పెట్టినవాళ్లు బైబిల్లో ఓడ కట్టిన కథ వరకే చదివి ఆపేసినట్టున్నారు. నీళ్లు తీసిపోయాక నోవహు ద్రాక్షతోట వేసి, తాగి ఒంటి మీద గుడ్డ లేకుండా పడిపోయిన సంగతి ఆ తర్వాతి పేజీలోనే ఉంది. మా అమ్మ ఆ మాట పెళ్లిచూపుల నాడే అంది. మేమే నవ్వి ఊరుకున్నాం.

మొదట్లో కల్లు తాగేవాడు. ఇండియన్ యూనియన్ సర్కారు వాళ్లు మన నిజాం రాష్ట్రానికి సరుకు రాకుండా కట్టడి చేసిన సంవత్సరం పెట్రోలు దొరక్క, చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కలిపి లారీలు నడిపించారు. ఆ స్పిరిట్ డ్రమ్ముల్లో వచ్చేది. డ్రైవర్లు రబ్బరు గొట్టంతో లారీకి కొంత, తమకు కొంత లాగేవాళ్లు. లారీ తాగిందీ మా బావ తాగిందీ ఒకే డ్రమ్ములోది. అది తాగి అడ్డాలో ఒకడికి చూపు పోయింది. అయినా ఎవరూ మానలేదు.

అదే రోజుల్లో రజాకార్లు తుపాకీ చూపించి ఆయన లారీని ఊళ్ల మీదికి తీసుకుపోయేవాళ్లు. రెండు మూడు రోజులకు తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా లారీ వెనక భాగాన్ని బకెట్లతో నీళ్లు పోసి కడిగేవాడు. పలకల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారేవి. “ఏం తెచ్చినవయ్యా లారీల?” అని అక్క అడిగితే చెంప మీద కొట్టాడు. చూసింది మరిచిపోవడానికే తాగుతున్నాడని అక్క అనేది. ఎందుకు తాగినా స్టీరింగ్ మీద చెయ్యి జారేది ఒకేలాగ అని నేననేదాన్ని. మా ఇద్దరికీ ఆ విషయంలో చాలాసార్లు గొడవైంది.

నిజాం సర్కారు లొంగిపోయిందని రేడియోలో చెప్పిన మర్నాడు సికిందరాబాదంతా రోడ్ల మీదే ఉంది. సైన్యాన్ని చూడాలని జనం గోడలెక్కారు, చెట్లెక్కారు. అల్వాల్‌లో కల్లు ఊరికే పోస్తున్నారని తెలిసి బావ పొద్దున్నే లారీ వేసుకొని పోయాడు. మధ్యాహ్నానికి లారీ నిండా జనాన్ని ఎక్కించుకొని, జెండాలు కట్టుకొని, రెజిమెంటల్ బజార్ మీదుగా మెట్టుగూడకు బయలుదేరాడు. పక్క సీట్లో అడ్డాలో తోటి డ్రైవరు రాములు కూర్చొని స్పిరిట్ సీసా అందిస్తూ వచ్చాడు.

మెట్టుగూడ మలుపులో మహబూబ్ మియా టాంగా ఆపుకొని గోడవారన నిలబడి ఉన్నాడు. కేకలకు గుర్రం బెదురుతుంటే కళ్లెం పట్టుకొని దాని మెడ నిమురుతున్నాడు. మా ఇంటి వాళ్లందరికీ ఆయన తెలుసు. వానలో, చీకట్లో నన్ను డ్యూటీకి దింపి, లోపలికి పోయేదాకా గేటు దగ్గరే నిలబడే మనిషి. లారీ మలుపు తిరగలేదు. తిన్నగా వచ్చి టాంగాను విరిచి, ఆయన్ను గోడకేసి అదిమేసింది. గోడ రాళ్లు కూలాయి. గుర్రం కిందపడి కాళ్లు కొట్టుకుంటూ అరిచింది.

మియా ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. సికిందరాబాదులో ఖాకీ చొక్కా లేని పేదవాడెవడు? మిలిటరీ వాళ్లు పారేసిన పాత చొక్కాలు బజార్లో గుట్టలుగా అమ్ముతారు. మా బావ తొడుక్కున్నదీ అదే. కానీ రజాకార్లు వేసుకున్నదీ ఖాకీయే. గుంపులో ఎవడో “రజాకార్‌ను తొక్కించిండు” అన్నాడు. ఇంకెవడూ ఆగి ఆలోచించలేదు. టాంగాకు నిప్పంటించారు. బావను భుజాలకెత్తుకొని మెడలో బంతిపూల దండ వేశారు.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి శవాన్ని ఇంకా కర్రలతో కొడుతున్నారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. కాలికున్న తోలు చెప్పులు చూసి గుర్తుపట్టాను, వాటిని కుట్టించుకున్న రోజు నాకు చూపించి మురిసిపోయాడు. “వీడు టాంగా మియారా, మీ తల్లుల్ని ఆసుపత్రికి తీస్కపోయినోడు” అని అరుస్తూ శవం మీద అడ్డంగా పడ్డాను. ఎవడో నా జుట్టు పట్టి లాగి మూతి మీద కొట్టాడు. “తొక్కించినోడే రజాకార్ అంటుంటే నీకేం తెలుసు?” అన్నాడు. తలెత్తి చూస్తే బావ వాళ్ల భుజాల మీద ఊగుతూ నవ్వుతున్నాడు.

అప్పటి నుంచి మహబూబ్ మియా భార్య రహమత్ బీకి బతుకు లేకుండా పోయింది. రజాకార్ ఇల్లని రాళ్లు వేశారు. ఒక రాయి ఆమె బిడ్డ కన్ను పక్కన తగిలితే కుట్లు నేనే వేశాను. ఆమె కుట్టిన బట్టలు తీసుకునేవాళ్లు లేరు. బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్లు లేరు. ఆమె అడిగింది ఒక్కటే. మా ఆయన రజాకార్ కాదని ఎవరైనా నలుగురిలో చెప్పండి అని. నేను ఎన్నిసార్లు చెప్పినా నా మాట ఎవడు వింటాడు? ఆ మాట చెప్పాల్సిన నోరు ఒక్కటే ఉంది. అది పొద్దుగూకులూ తాగుతోంది.

తాగదా మరి, ఊరికే పోస్తుంటే? రజాకార్‌ను తొక్కించినవాడని ప్రతి దుకాణంలోనూ ఆయనకు పిలిచి పోసేవాళ్లు. పోసినందుకు కథ చెప్పాలి. బావ చెప్పేవాడు. మొదట మియా చేతిలో కర్ర ఉందన్నాడు, తర్వాత తల్వార్ అన్నాడు. దీపావళి నాటికి తుపాకీ కూడా వచ్చింది. మత్తులోనే లారీ ఎక్కేవాడు. రెండుసార్లు కరెంటు స్తంభాలకు గుద్దాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఒక సాయంత్రం రహమత్ బీ మా అక్క గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

“కాంతమణక్కా, నీ పెనిమిటిని జెర బయటికి పిలువు. మా ఆయన రజాకార్ గాదని ఒక్కసారి అడ్డా కాడ జెప్పుమను. నాకింకేం వద్దు” అంది.

బావ తూలుకుంటూ బయటికొచ్చాడు. “నీ మొగడు రజాకారే. తల్వార్ పట్టుకొని మీదికొచ్చిండు” అని ఆమెను తోసేశాడు. ఆమె మెట్ల మీద పడింది.

మా అక్క ఆయన మాటకు ఎదురుచెప్పి ఎరగదు. ఆ రోజు చెప్పింది. “తల్వార్ ఏడిదయ్యా? గుర్రం కళ్లెం పట్టుకొని ఉండె ఆయన, చూసినోళ్లే జెప్పిన్రు. నీకు కండ్లు కనవడలే, గంతే” అంది. బావ పిడికిలి బిగించి నోటి మీద గుద్దాడు. పడిపోయాక కడుపులో తన్నాడు. పక్కింటివాళ్లు పిలిస్తే నేను పరిగెత్తుకొచ్చాను. అక్క నోటినిండా నెత్తురు, పళ్లు నేల మీద. నేను వంటింట్లో రోకలి తీసుకొని బావ వీపు మీద బలమంతా పెట్టి కొట్టాను. అందుకు నేను ఏనాడూ బాధపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్కను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాడు. ఉబ్బిన ఆ ముఖం చూసి గోడకు తలకాయ కొట్టుకున్నాడు.

“తాగుడు బంద్ జేస్త సలోమీ. ఈ రోజుకెల్లి చుక్క ముట్ట” అన్నాడు.

“ఇంట్ల కూసొని ఒక్కసారే బంద్ జేస్తే ఫిట్స్ వచ్చి చస్తవ్ బావా. ఈడ పండుకో” అన్నాను. డాక్టరమ్మతో చెప్పి చేర్పించాను. ప్రేమతో కాదు. బతికుంటేనే కదా నోరు తెరిచి నిజం చెప్పేది.

ఆ రోజుల సంగతి చెబితే తాగేవాళ్లు నమ్మరు. ఒళ్లంతా చెమటలు, వాంతులు. గోడల మీద తేళ్లు పాకుతున్నాయని మంచం మీంచి దూకేవాడు. “ఆ గుర్రాన్ని చంపున్రి, దాని అరుపు ఆపున్రి” అని ఆసుపత్రి దద్దరిల్లేలా కేకలు పెట్టేవాడు. దుప్పట్లతో మంచానికి కట్టేస్తుంటే నా మణికట్టు కొరికాడు. మచ్చ ఇప్పటికీ ఉంది. నిద్రమందు ఇచ్చి, నీళ్లు తాగించి, అక్కే ఒళ్లు తుడిచింది. ఊడిన పళ్ల చిగుళ్లు ఇంకా మానకముందే ఆమె ఆ పని చేసింది. నాకది నచ్చలేదని మొహం మీదే చెప్పాను.

జ్వరం తగ్గి మనుషుల్లో పడ్డాక ఆసుపత్రి వాచ్‌మన్ పేతురు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయనా తాగి తాగి ఇల్లమ్ముకున్నవాడే. మానేసి చాలా ఏళ్లయింది.

“బీమారి తగ్గింది. ఇగ అసలు తక్లీఫ్ ఇంటికి పోయినంక షురూ అయితది” అన్నాడు పేతురు. “పొద్దుగూకే యాళ్లనే గండం. ఆ యాళ్లకు నేనొస్త. ఇద్దరం అరుగు మీద కూసుందాం. తాగబుద్ధయితే నన్ను తిట్టు, కొట్టు. దుకాణం దిక్కు మాత్రం పోకు.”

“పోతే?” అన్నాడు బావ.

“పోతే మల్ల నా కాడికి రా. షరం పడి ఇంట్ల దాక్కుంటివా, మునుగుతవ్.”

పేతురు మాట తప్పలేదు. రోజూ వచ్చాడు. బావే తప్పాడు. రాములు ఒక సీసా తెచ్చి, “ఏందన్నా, గిట్ల ముసలోనితోని కూసుంటివి” అని పోస్తే తాగి లారీ ఎక్కాడు. బడి వదిలే వేళకు పిల్లల గుంపులోకి పోనిచ్చి, ఆఖరు క్షణంలో తిప్పి మురిక్కాలువలో పడేశాడు. పిల్లలు బతికారు. బావ తల పగిలింది. నెత్తురోడుతూనే నడిచి పేతురు దగ్గరికి వచ్చాడు. నేను తలకు కుట్లు వేస్తున్నాను. పేతురు ఎదురుగా కూర్చున్నాడు.

“రాములు నీకు ఊకే ఎందుకు పోస్తున్నడు?” అని అడిగాడు.

“మియాను తొక్కిచ్చినందుకు.”

“నువ్వు తొక్కిచ్చినవా?”

బావ నా చెయ్యి పక్కకు నెట్టాడు. నేను సూది ఆపేశాను.

“కనవడలేదు పేతురన్నా” అన్నాడు. “రోడ్డు రెండుగ అవుపడ్డది. ఏ దిక్కు తిప్పాల్నో తెల్వలే. మియా ఉన్నడన్న సంగతే నాకు ఎరికలేదు.”

“ఆ మాట నాకు జెప్తే ఏం ఫాయిదా? నీకు పోసెటోళ్ల ముందర జెప్పు. అప్పుడు ఎవ్వడు పొయ్యడు. మియా పెండ్లాం సుత తలెత్తుకొని తిరుగుతది.”

మా చర్చిలో ఆదివారం సాయంత్రం లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటుంది. తప్పు ఒప్పుకొని, దేవుడు తనను ఎట్లా మార్చాడో చెబుతారు. బావ కూడా అట్లాగే చర్చిలో చెబుతానన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. “చర్చిల జెప్తే స్తోత్రం అంటరు. అడ్డాల జెప్తే కొడ్తరు. రహమత్ బీ మీద రాళ్లు ఏసినోళ్లు చర్చిల లేరు బావా” అన్నాను. అక్క నన్ను ఊరుకోమంది. నేను ఊరుకోలేదు.

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. పోలీస్ యాక్షన్ అయి ఏడాది నిండిందని అడ్డాలో జెండాలు కట్టారు. రజాకార్‌ను తొక్కించిన డ్రైవరును లారీ మీద ఊరేగించాలని అందరూ కలిసి అనుకున్నారు. కాలువలో పడ్డ నాటి నుంచి బావ చుక్క ముట్టలేదు, అడ్డాలోనే చెబుతానని ఒప్పుకున్నాడు. నేను పోయి రహమత్ బీని తీసుకొచ్చి ఎదురు గోడ దగ్గర నిలబెట్టాను.

రాములు దండ వేశాడు. బావ లారీ మీదికెక్కి ఆ దండ తెంపి కిందపడేశాడు.

“మహబూబ్ మియా రజాకార్ గాదు” అన్నాడు. “ఆయన చేతిల తల్వార్ లేదు, ఏం లేదు. గుర్రాన్ని పట్టుకొని నిలవడ్డడు. నేను తాగి లారీ తోలిన. తాగి ఆయనను సంపిన. మీరు నాకు దండ ఏసిన్రు, ఏడాది పొడుగు తాగవోసిన్రు. మీలో శానామంది ఇప్పుడు సుత తాగే ఉన్నరు. తాగి లారీ ఎక్కకున్రి.”

ఒక రాయి వచ్చి ఆయన నుదుటికి తగిలింది. కాళ్లు పట్టి కిందికి లాగారు. ఏడాదిగా తమను వెర్రివాళ్లను చేశాడన్న కసి అంతా తీర్చుకున్నారు. చెప్పులతో, బెల్టులతో కొట్టారు. పేతురు మీద పడి కాపాడబోతే ఆ ముసలాయన పక్కటెముకలు విరగ్గొట్టారు. రాములు లారీ హ్యాండిల్ తీసుకొచ్చాడు. సీసా అందించిన చెయ్యి తనదేనని వాడికి అప్పుడే తెలిసొచ్చిందేమో, ఏడుస్తూ కొట్టాడు. బావ తలకు అడ్డం పెట్టుకున్న కుడిచెయ్యి ఎముక చర్మం చీల్చుకొని బయటికొచ్చింది. నేను రాములు చెవి పట్టుకొని వేలాడితే గానీ వాడు ఆగలేదు.

కొట్టారు, కానీ విన్నారు. ఆ వారంలోనే రహమత్ బీ బావిలో చేద వేసుకుంది. ఎవరూ అడ్డం రాలేదు. తర్వాత కొన్నాళ్లకు హ్యాండిల్ తెచ్చి మొదట బావ ముందు పెట్టి కల్లుకు పోయినవాడు రాములే.

బావ ఆసుపత్రిలో ఉండగానే రహమత్ బీ చూడ్డానికి వచ్చింది. బావ లేచి కూర్చోబోతే వద్దంది. స్టూలు మీద కూర్చుంది. అక్క ఆమెకు టీ ఇస్తే తాగలేదు.

“ఒక్కటి అడుగుత డ్రైవర్ సాబ్” అంది. “ఎదురుంగ పాన్ డబ్బా ఆయన నిన్న జెప్పిండు. నిన్ను ఎత్తుకోకముందు, నువ్వు లారీ దిగి మా ఆయన తల ఒళ్లె పెట్టుకున్నవంట. ఆయన నీ చొక్కా పట్టుకొని ఏందో జెప్పిండంట. ఏం జెప్పిండు?”

అక్క ఆమె వెనక నిలబడి బావకు సైగ చేసింది, ఏదో ఒకటి చెప్పెయ్ అని. నీ పేరు తలుచుకున్నాడంటే పోయేదేముంది? పిల్లలు జాగ్రత్త అన్నాడంటే ఆమె బతికినన్నాళ్లూ ఆ మాట దాచుకుంటుంది. నోరున్న నాకే ఆ క్షణం అబద్ధం చెబితే బాగుండుననిపించింది.

బావ కళ్లు మూసుకున్నాడు.

“యాదికి లేదు బీబీ” అన్నాడు. “తల ఒళ్లె పెట్టుకున్న సంగతి సుత నువ్వు జెప్తెనే ఎరిక. తాగి ఉన్న.”

రహమత్ బీ ఏడవలేదు, తిట్టలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

“ఇప్పుడు తాగుతలేవు గద” అంది చివరికి. “దిమాక్ సాఫ్ అయితది. రోజు యాది జేస్కో. యాదికొచ్చిన నాడు జెప్పు. నేను మెట్టుగూడలనే ఉంట.”

“జెప్త” అన్నాడు బావ.

ఆ తర్వాత ఆయన చుక్క ముట్టలేదు. ఒక్క గుక్క తాగినా ఆ మాట మళ్లీ లోపలికి పోతుందని ఆయన భయం. రోజూ సాయంత్రం అడ్డాలో కళ్లు మూసుకొని కూర్చుంటే జనం ప్రార్థన చేస్తున్నాడనుకుంటారు. ఆయన యాది చేసుకుంటున్నాడు. రహమత్ బీ అటుగా పోతూ ఆగి చూస్తుంది. బావ లేదన్నట్టు తల ఊపుతాడు. ఆమె పోతుంది. అంత తాగిన మనిషికి అప్పటి సంగతి ఎన్నటికీ తిరిగి రాదని డాక్టరమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. ఆ మాట నేను వాళ్లిద్దరిలో ఎవరికీ చెప్పలేదు.